చర్చి వెనక గదికి ఒక బ్యాటరీ: సామర్లకోట నుంచి పట్టిసీమ దాకా

నేను ఉండేది సామర్లకోటలో. కాకినాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. సెలవు రోజుల్లో చిన్న కంప్యూటర్ బోర్డులు, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్ళు ముందేసుకుని కూర్చోవడం నా సరదా. కొత్తగా ఏది బజారులోకి వచ్చినా ఒకటి తెప్పించి, విప్పి, వాడి, నాకు తోచింది ఈ బ్లాగులో రాస్తుంటాను. చదివేవాళ్ళు కొద్దిమందే కానీ శ్రద్ధగా చదువుతారు. అప్పుడప్పుడు సందేహాలు అడుగుతూ ఈమెయిళ్ళు వస్తాయి. అక్టోబరు చివర్లో అలాంటిదే ఒకటి వచ్చింది. పంపినాయన పేరు ప్రభుదాసు. పట్టిసీమ దగ్గర ఒక ఊళ్ళో స్కూలు టీచరు. అందులో ఉన్నది ఇంతే: "నమస్కారమండి. మీ వ్యాసం చూసి నేను తయారుచేసిన బ్యాటరీ పెట్టె మే నెలలో అంటుకుందండి. పిల్లలందరూ క్షేమం. గదిని మళ్ళీ తెరవాలనుకుంటున్నాం. ఈసారి ఏం పెట్టమంటారు? మీ అభిప్రాయం చెప్పగలరు."

ఆయన చెప్పిన వ్యాసం ఏదో నాకు వెంటనే తెలిసింది. పాడైన ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, లోపల ఇంకా పనిచేసే లిథియం సెల్స్ ఏరి, వాటితో చిన్న కరెంటు పెట్టె చేసుకోవడం గురించి మూడేళ్ళ కిందట రాశాను. నా బ్లాగులో ఎక్కువమంది చదివింది అదే. జవాబు రాద్దామని కూర్చున్నాను. ఐరన్ ఫాస్ఫేట్ రకం లిథియం అంత తేలిగ్గా అంటుకోదని, అది కొనుక్కోమని రాశాను. తుడిచేశాను. సోడియం బ్యాటరీలు వస్తున్నాయని, కొన్నాళ్ళు ఆగమని రాశాను. అదీ తుడిచేశాను. ఏ వాక్యం రాసినా, ఆ గది ఎలా ఉంటుందో తెలియకుండా మళ్ళీ అదే పని చేస్తున్నాననిపించింది. చివరికి ఫోన్ నంబరు అడిగి, వచ్చి చూస్తానని చెప్పాను. "దానికేముందండి, రండి," అన్నారాయన. నేను చేసిన కొత్త సోడియం ప్యాక్ ఒకటి సంచిలో పెట్టుకున్నాను. ఈ రకం సెల్స్‌ని పూర్తిగా ఖాళీ చేసి తీసుకెళ్ళవచ్చు, దారిలో భయం ఉండదు. మాస్టారికి ఇచ్చి రావాలన్నది నా ఉద్దేశం.

నవంబరులో రెండో శనివారం. సామర్లకోట స్టేషన్‌లో పొద్దున్న ఆరున్నర దాటాక ప్యాసింజర్ ఎక్కాను. రాజమండ్రికి గంట పైన పడుతుంది, టికెట్ ముప్పై రూపాయల లోపే. ఎక్స్‌ప్రెస్‌లు ఇంకా తొందరగా వెళ్తాయి కానీ ఆ వేళకి వాటిలో కూర్చునే చోటు దొరకదు. బిక్కవోలు, అనపర్తి దాటుతుంటే కోతకొచ్చిన చేలు పసుప్పచ్చగా కనిపించాయి. కొన్నిచోట్ల అప్పుడే కోత మిషన్లు దిగాయి. కడియం దగ్గర నర్సరీల్లో మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. మామూలుగా ఈ దారిలో కిటికీ పక్కన కూర్చుని ఎవరి ఇంటి మీద ఎన్ని ప్యానెళ్ళు వెలిశాయో లెక్కపెట్టడం నాకు అలవాటు. ఆ రోజు లెక్కపెట్టలేదు. నా వ్యాసాన్ని ఫోన్‌లో తెరుద్దామనుకుని, తెరవలేక, ఊరుకున్నాను.

రాజమండ్రి స్టేషన్ బయట ఎలక్ట్రిక్ ఆటో దొరికింది. బస్టాండుకి షేరింగ్‌లో ఇరవై రూపాయలు. మిగతావాళ్ళు దారిలో దిగిపోవడంతో డ్రైవరు పక్కకి జరిగాను. యాభై ఏళ్ళుంటాయి ఆయనకి. బ్యాటరీ ఏ రకమని అడిగాను.

"లిథియమేనండి. ఇదివరకు లెడ్ ఉండేది. బరువుకి వంతెన ఎక్కేది కాదు. ఇది పెట్టించాక బండి తేలికైపోయింది."

"బాగుందా మరి?"

"బాగుందండి, బాగున్నన్నాళ్ళూ. లెడ్డయితే పాడైతే ఈ వీధిలోనే ఎవడో ఒకడు మూత తీసి చూసేవాడు. ఇది మొన్న వేసవిలో ఆగిపోతే కంపెనీవాడు వచ్చేదాకా పదకొండు రోజులు ఇంట్లో కూర్చున్నానండి. లోపల ఏముందో నాకూ తెలీదు, మెకానిక్కికీ తెలీదు."

కొత్త సాంకేతికత గురించి నేను ఇన్నేళ్ళూ వాట్లు, బరువు, ధర, ఎన్నిసార్లు చార్జ్ అవుతుంది అన్నవే రాశాను. పాడైన రోజు దాన్ని విప్పగలిగే మనిషి ఎంత దూరంలో ఉంటాడన్నది ఏ పట్టికలోనూ రాయలేదు. ఆయన మాట బస్టాండులో నిలబడి ఫోన్‌లో రాసుకున్నాను.

పోలవరం వెళ్ళే బస్సులన్నీ పట్టిసీమ మీదుగానే వెళ్తాయి. నాకు ఎనిమిదింపావుకి దొరికింది. గోదావరి దాటి కొవ్వూరు, తాళ్ళపూడి, గూటాల మీదుగా గంటన్నర ప్రయాణం. టికెట్ యాభై చిల్లర. కుడివైపు కూర్చుంటే చాలాదూరం గోదావరి కనిపిస్తూనే ఉంటుంది. వరద తగ్గి ఇసుక తిన్నెలు అప్పుడప్పుడే బయటపడుతున్నాయి. పట్టిసీమ చేరేముందు ఎత్తిపోతల పథకం పెద్ద పెద్ద గొట్టాలు కనిపిస్తాయి. నదిని ఎత్తి కాలవలో పోసే పంపులు అవి. నేను వెళ్ళిన రోజు ఆగి ఉన్నాయి. ఆ పంపులకి కాపలా ఉంటుంది, ఇంజనీర్లు ఉంటారు, ఏదైనా తేడా వస్తే దానంతట అదే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. మన ఇళ్ళలోని చిన్న పెట్టెలకి అవేవీ ఉండవు. చిన్నవి కాబట్టి ప్రమాదం కూడా చిన్నదే అనుకుంటాం.

దిగేసరికి పావుతక్కువ పది. రోడ్డు పక్కన రెండు బల్లలేసిన హోటల్లో పెసరట్టు తిన్నాను. నడిపే ఆవిడ పేరు సత్యవతి అని గోడ మీది బోర్డు చెప్పింది. అల్లం పచ్చడి బాగుంది. తింటూ, మాస్టారి ఊరికి ఎలా వెళ్ళాలని అడిగాను.

"ప్రభుదాసు మాస్టారింటికా అండి? అదిగో ఆ కాలవ గట్టు పట్టుకుని వెళ్తే రెండు కిలోమీటర్లు. మాదీ ఆ ఊరే. చుట్టాలా?"

"కాదండి. ఆయన నడిపిన గది చూద్దామని."

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టింది. "ఆ గదిలో మా అమ్మాయి కూడా ఉందండి ఆ రోజు. ఎనిమిదో తరగతి. ఎవరో ఇంటర్నెట్‌లో రాశారంట అలా చేసుకోవచ్చని. ఈయన అది చదివి చేశారు. రాసినోళ్ళకేం, రాస్తారు. మాస్టారు లేకపోతే పదకొండు మంది పిల్లలూ లోపలే ఉండిపోదురండి. అది జరిగాక మా ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ కూడా తీసేయించాను. దాని పక్కన పడుకుంటే నిద్ర పట్టట్లేదు నాకు."

ఆ రాసింది నేనేనని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "ఇంకో అట్టు వెయ్యమంటారా?" అని ఆవిడ అడిగింది. వద్దని చెప్పి, డబ్బులిచ్చి, బయటికి వచ్చేశాను. ఇది దాచకుండా రాస్తున్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో నాకు నచ్చనిది అదే.

కాలవ గట్టు మీద నడక అరగంట. ఆటోలూ దొరుకుతాయి, పది రూపాయలు. ప్రభుదాసు మాస్టారు ఊరి మొదట్లోనే ఎదురొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. నమస్కారం పెట్టినప్పుడు చూశాను: కుడి అరచేయి, వేళ్ళు వేరే రంగులో, బిగుసుకుపోయిన చర్మంతో ఉన్నాయి. చివరి రెండు వేళ్ళూ ముడుచుకోవడం లేదు. ఈమెయిల్లో దీని గురించి ఒక్క మాట లేదు. నా చూపు ఎక్కడుందో ఆయన గమనించారు.

"రాజమండ్రిలో ఆపరేషన్ చేశారండి. తొడ మీది చర్మం తీసి వేశారు. బోర్డు మీద ఇప్పుడు ఎడం చేత్తో రాస్తున్నాను. ఒకటో తరగతి వాళ్ళతో పాటు నేనూ నేర్చుకుంటున్నానండి," అన్నారు. అది నవ్వుతూ చెప్పిన మాటే.

ముందు ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య సువార్త గారు టీ ఇచ్చి, మాతో పాటే చర్చి దాకా వచ్చారు. గది చర్చి వెనకాల ఉంది. ఇటుక గోడలు, రేకుల కప్పు, ఇనప చువ్వలున్న రెండు కిటికీలు. సాయంత్రాలు కరెంటు పోయినా చదువు ఆగకూడదని చర్చి సంఘం వాళ్ళు ఇచ్చిన గది అది. మాస్టారు అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి కొని, అందులో పాఠాలు, బొమ్మలు, నిఘంటువు నింపి, ఇంటర్నెట్ లేకుండానే నాలుగు పాత ట్యాబ్లెట్లలో కనిపించేలా అమర్చారు. అది తాగే కరెంటు ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బంత. పదేళ్ళ కిందట పెద్ద డెస్క్‌టాప్ చేసే పని అది చేస్తోంది. ఇలాంటి బోర్డుల మీద నాకున్న అభిమానం ఈ గదిలో కూడా తగ్గలేదు. తప్పు బోర్డుది కాదు.

లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. గుమ్మానికి ఎడమపక్కన గోడ నేల నుంచి నడుము దాకా నల్లగా ఉంది. తలుపు చెక్క కింద సగం బొగ్గు. గదికి ఉన్నది ఆ ఒక్క తలుపే.

"ఎలా జరిగింది మాస్టారూ?"

"వేసవి క్లాసండి. సాయంత్రం ఆరు దాటింది. కరెంటు పోయి గంటైంది. ముందు ప్లాస్టిక్ కాలిన వాసనొచ్చింది. నేను లేచి చూసేలోపే రేకు పెట్టెలోంచి తెల్లటి పొగ. బుస్సుమని చప్పుడు. తర్వాత మంట. పిల్లలు లోపల, మంట గుమ్మంలో. కిటికీలకేమో చువ్వలు. నీళ్ళ కూజా దగ్గరున్న గోనెసంచి చేతికి చుట్టుకుని పెట్టెని బయటికి లాగేశానండి. సంచి సగం దారిలోనే ఊడిపోయింది. చెయ్యి వదిలేస్తే పెట్టె గుమ్మంలోనే ఉండిపోతుంది. అందుకని వదల్లేదు."

ముందు అంటుకున్నది ఏ సెల్లో కనుక్కోవడం ఇప్పుడు అసాధ్యం. పాత సెల్స్‌లో ఒకటి లోపల దెబ్బతిని ఉంటుంది, పక్కనున్నవి తమ కరెంటంతా దాంట్లోకి కుమ్మరించి ఉంటాయి, రేకుల కప్పు కింద మే నెల వేడి మిగతాది చేసి ఉంటుంది. అవన్నీ నేను వివరించడం మొదలుపెట్టాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు సువార్త గారు నెమ్మదిగా అడిగారు.

"ఒకటి అడగొచ్చాండి? మీ ఇంట్లో ఆ పెట్టె ఎక్కడ పెట్టారు?"

"వెనక బాల్కనీలో."

"బయటన్నమాట."

"అవునండి. ఇసుక పోసిన తొట్టిలో."

"మీరు రాసిందాంట్లో తలుపు పక్కన పెట్టుకోమని ఉందండి. గాలి తగులుతుందని. ఈయన మొదట వెనక మూల పెట్టారు, నేను అక్కడే ఉండనివ్వమన్నా వినకుండా ఇక్కడికి మార్చారు, మీరు రాశారని. మాకు బాల్కనీ లేదండి."

గొంతు పెంచలేదు. ఎవరో పొరుగావిడకి సంగతి చెప్పినట్టే చెప్పారు. నేను అక్కడే ఫోన్ తీసి నా వ్యాసం తెరిచాను. ఉంది. "పెట్టెను తలుపు పక్కన, గాలి ఆడే చోట ఉంచుకుంటే మంచిది." ఆ వాక్యం రాసినట్టు నాకు గుర్తు లేదు. సెల్స్‌ని చార్జ్ చేసి నెల రోజులు పక్కన పెట్టి, చార్జ్ దిగిపోయినవాటిని తీసేయడం నేను చేశాను, అది మాత్రం "మంచివి ఏరుకోండి" అన్న రెండు మాటల్లో సరిపెట్టాను. చదవడానికి విసుగు పుడుతుందని. నేను చేసింది ఒకటి, రాసింది ఒకటి.

"నాదే తప్పండి," అన్నాను.

మాస్టారు కల్పించుకున్నారు. "పెట్టింది నేను కదండీ. ఒకే తలుపున్న గదని నాకు తెలుసు, మీకు తెలీదు."

"మరి ఈమెయిల్లో తలుపు సంగతి, చెయ్యి సంగతి ఎందుకు రాయలేదు?"

"రాస్తే మీరు భయపడి జవాబివ్వరేమోననుకున్నానండి. నాకు జవాబు కావాలి. పిల్లలు రోజూ అడుగుతున్నారు."

సువార్త గారు చర్చి అరుగు మీద కూర్చున్నారు. కోపం తగ్గిందని చెప్పలేను. వెళ్ళిపోలేదు, అంతే. నేను సంచిలోంచి సోడియం ప్యాక్ తీసి చూపించాను. ఇవ్వాలని తెచ్చానని, కానీ ఇది తయారై నెల కూడా కాలేదని, ఒక్క వేసవి కూడా చూడలేదని, అందుకే ఇవ్వడం లేదని చెప్పాను. సోడియం మీద నాకు చాలా ఆశ ఉంది. చవక అవుతుంది, వేడికి కొంచెం ఓర్చుకుంటుందంటున్నారు, మన దగ్గర దొరికే సరుకుతో తయారవుతుంది. అయినా ఆశ పెట్టుకోవాల్సింది నా బాల్కనీలో. పిల్లలున్న గదిలో కాదు.

"అయితే ఏం పెట్టమంటారండి?" అని మళ్ళీ అడిగారు మాస్టారు.

"ఇక్కడికి దగ్గర్లో బ్యాటరీ మెకానిక్ ఎవరైనా ఉన్నారా?"

"పోలవరంలో ఉన్నాడండి. ట్రాక్టర్లవీ, ఇన్వర్టర్లవీ చూస్తాడు. ఫోన్ చేస్తే సాయంత్రానికి వస్తాడు."

"అతనికి తెలిసిందే పెడదాం. లెడ్ యాసిడ్. గదిలో కాదు, బయట."

కొత్త హార్డ్‌వేర్ గురించి రాసే నేను, నూటయాభై ఏళ్ళ పైగా వాడుకలో ఉన్న రకం బ్యాటరీని సిఫారసు చేయడానికి బస్సెక్కి వచ్చానన్నమాట. బరువు, నీళ్ళు పోస్తుండాలి, చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే వాయువు బయటికి పోవాలి. దాని జబ్బులన్నీ తెలిసినవే, మందు తెలిసినవాడు పది కిలోమీటర్ల లోపల ఉన్నాడు. ఇద్దరం గది చుట్టూ తిరిగాం. ఉత్తరపు గోడకి రోజంతా నీడ ఉంటుంది. అక్కడ ఇటుక దిమ్మె, మీద రేకు, మూడువైపులా జాలీ, గోడలోంచి వైరు వచ్చేచోట ఫ్యూజు. కొలత టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస సువార్త గారు వచ్చి పట్టుకున్నారు. "రెండో తలుపు కూడా పెట్టించాలండి," అన్నారావిడ, తూర్పు గోడ చూపిస్తూ. "అది కాకుండా నేను ఒప్పుకోను." నేను కాగితం మీద అది మొదట రాశాను, బ్యాటరీ తర్వాత.

మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. మాస్టారు చెంచాతో తిన్నారు. జరిగిందంతా నా పాత వ్యాసం మొదట్లో రాస్తానంటే ఆయన సరేనన్నారు. ఊరి పేరు వద్దని ఆయన అనలేదు, నేనే రాయడం లేదు.

మూడు దాటాక మళ్ళీ సత్యవతి గారి హోటల్‌కి వచ్చాను. పిండి రుబ్బుకోవడానికి పప్పు కడుగుతోంది. ఎదురుగా నిలబడి, "పొద్దున్న చెప్పాల్సిందండి. ఇంటర్నెట్‌లో రాసింది నేనే," అన్నాను.

ఆవిడ నీళ్ళు వంపి, ఇంకో చెంబు పోసి, కడుగుతూనే ఉంది. "మళ్ళీ పెడతారా అక్కడ?" అంది.

"లోపల పెట్టరండి. బయట గోడకి. రెండో తలుపు పెట్టించాకే తెరుస్తారు."

"ఇంక ఏం కాదంటారా?"

ఏం కాదని చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది. "ఏం కాదని చెప్పలేనండి. అయితే తప్పించుకునే దారి ఉండేలా చూశాం."

"పంపుతానో లేదో ఇప్పుడు చెప్పలేనండి నేను," అంది సత్యవతి గారు. "టీ తాగుతారా?" టీ తాగాను. డబ్బులు తీసుకుంది. నాలుగుంపావు బస్సుకి రాజమండ్రి వచ్చి, ఎనిమిదింటికల్లా ఇల్లు చేరాను.

గది క్రిస్మస్ ముందు వారం తెరిచారు. మొదటి రోజు ఆరుగురే వచ్చారని మాస్టారు ఫోన్ చేశారు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం సత్యవతి గారు కూతుర్ని తీసుకుని వచ్చిందట. లోపలికి రాకుండా ముందు ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి, జాలీలోంచి బ్యాటరీని చూసి, రెండు తలుపులూ తీసి మూసి చూసి, తర్వాత అమ్మాయిని కూర్చోబెట్టి, క్లాసు అయ్యేదాకా తను గుమ్మంలో నిలబడిందట. ఇప్పటికీ అలాగే నిలబడుతోందట. ఇన్వర్టర్ మాత్రం మళ్ళీ పెట్టించుకోలేదు.

పాత వ్యాసాన్ని తీసేయలేదు, పైన ఎర్రక్షరాల్లో జరిగింది రాశాను. ఏటా కొత్త చిప్పులు, కొత్త సెల్స్ వస్తూనే ఉంటాయి. వాటి గురించి రాయడం మానను, నాకు ఆ ఉత్సాహం ఇంకా ఉంది. కానీ ఇకనుంచి నేను వాడిన చోటు, చేసిన జాగ్రత్త, పడేసిన సెల్స్ లెక్క, అన్నీ రాస్తాను, చదివేవాళ్ళకి విసుగొచ్చినా సరే. మాస్టారి చెయ్యి ఇంకో ఆపరేషన్‌తో కొంత సాగుతుందని డాక్టర్లన్నారు. పూర్తిగా రాదు. ఆ రెండు వేళ్ళకీ నా వాక్యానికీ ఉన్న సంబంధం నాకు తెలుసు, ఆయన ఎంత కాదన్నా.

పట్టిసీమ వెళ్ళాలనుకునేవాళ్ళు వరదలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. గోదావరి మధ్య లంకలో ఉన్న వీరభద్రస్వామి గుడికి లాంచీ ఉంటుంది, నీళ్ళను బట్టి నడుపుతారు కాబట్టి రేవులో ముందే కనుక్కోండి. బయల్దేరేముందు మాత్రం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఏ రకం బ్యాటరీ ఉన్నా, అది మీకూ గుమ్మానికీ మధ్య ఉందేమో చూడండి. ఉంటే, ఈ పూటే జరపండి.